యూసుఫ్‌జాయి సిపాయి, మా జేజి

గల్ఫ్‌లో మేముండే బౌషర్‌లో, మా ఇంటి కింద స్వాత్ లోయ నుంచి వచ్చిన పఠాను నడిపే రొట్టెల కొట్టు ఉంది. సాయంత్రాలు తందూరు గోడకు అంటుకున్న పిండి మాడిన వాసన పైకి తేలి వస్తే, నాకు కడపలో షబేబరాత్ హల్వా అడుగంటిన వాసన గుర్తొస్తుంది.

ఆ పండుగనాడు మా దాదా తెల్ల కుర్తా వేసుకుని, హల్వా పళ్ళెం ముందు కూర్చుని ఫాతిహా చదివి, పోయినవాళ్ళ పేర్లు తన తండ్రితో మొదలుపెట్టి, దక్కనుకు కొలువు కోసం గుర్రమెక్కి వచ్చిన యూసుఫ్‌జాయి సిపాయి దాకా చెప్పేవారు. అక్కడా ఆగక, మా తెగ కందహార్ వైపు నుంచి కాబూలు చేరడం, అక్కడి పాలకుడు విందుకు పిలిచి పెద్దలను నరికించడం, మిగిలినవాళ్ళు పెషావరు మైదానం దాటి స్వాత్ కొండల్లో నిలదొక్కుకోవడం, అంతా నిన్న చూసొచ్చినట్టు చెబుతుంటే, మేము శనగపప్పు హల్వాలో జీడిపప్పు ఎక్కడుందో కళ్ళతో వెతుక్కుంటూనే మురిసిపోయేవాళ్ళం.

ఆ హల్వా కలిపింది జేజి, దాదా భార్య. దూదేకుల వాళ్ళ బిడ్డ. ఆమె పుట్టింట్లో వింటితో దూది ఏకి పరుపులు కుట్టేవారు, తెలుగే మాట్లాడేవారు. పఠాన్ల ఇళ్ళలో వాళ్ళంటే చిన్నచూపు. ఒకసారి ఆమె గరిటె చేతబట్టుకునే గడపలోంచి అంది:

"అన్నీ మొగోళ్ళ పేర్లే. మీరంతా అమ్మ లేకనే పుట్నారా?"

"నువ్వు హల్వా అడుగంటకుండా చూడు పో," అన్నారు దాదా.

మేమంతా నవ్వాం. ఆ నవ్వు ఇప్పుడు నన్ను కుదురుగా ఉండనివ్వదు. ఆ సగం చరిత్రనే మా అబ్బాయికీ నేర్పాను.

పోయిన నెల వాడి సంబంధం మాట్లాడటానికి ఇక్కడికి దగ్గర్లోని ఘుబ్రా నుంచి అమ్మాయి తండ్రి, హైదరాబాదు ఖాన్ సాహెబు వచ్చారు. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలు మాట ఖాయం చేయడమే తరువాయి.

"రెండు వైపులా అసలు పఠాన్లే కదా భాయ్? మధ్యలో ఇంకెవరూ కలవలేదు కదా?" అన్నారాయన.

మా ఆవిడ కళ్ళతోనే వద్దంది.

"మా జేజి దస్తగిరమ్మ దూదేకుల ఆమె," అన్నాను. "సిపాయి ఒంటరిగా వచ్చాడు సాబ్. గుర్రం మీద పెళ్ళాన్ని ఎక్కించుకుని రాలేదు. మీవాడూ అంతే అయ్యుంటాడు."

ఆయన టీ సగంలో వదిలి, ఇంట్లో అడిగి చెబుతానని లేచారు.

ఇప్పుడు కడపలో ఆ ఇల్లు లేదు, దూది ఏకే వింటి చప్పుడు లేదు, మమ్మల్ని తెలుగులో తిట్టే గొంతు లేదు. ఖాన్ సాహెబు నుంచి కబురూ లేదు. అయినా ఆ మాట నేను వెనక్కి తీసుకోను. అబ్బాయీ దాచలేదు; ఆ రోజు ఆయన మెట్లు దిగుతుండగానే ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"మా ముత్తవ్వ దస్తగిరమ్మ, దూదేకుల ఆమె. మీ అబ్బా ఇంటికి వచ్చేలోపు నేనే చెబుతున్నా."