జబ్బ మీది చురక

నూలు కండెలు చుట్టే పనికి బయల్దేరే ముందు రేణుక ఒకటి మాత్రం మరిచిపోదు. పెరట్లో నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరిస్తుంది. నిప్పులు చుయ్‌మంటాయి, బూడిద లేచి గోడకు కొడుతుంది. అత్త కనకవ్వ గడపలో కూర్చుని చూస్తుంది.

"పొయ్యార్పే కోడలు ఇల్లార్పుతది," అంటుంది గోడకు చెప్పినట్టు.

ఆ పొయ్యిలోనే కనకవ్వ ఇనుప కడ్డీ కాల్చేది. కామెర్లకు చురక పెట్టించుకోవాలంటే సిరిసిల్లలో ఆ వాడంతా ఆమె దగ్గరికే వచ్చేది. రేణుక కొత్త కోడలుగా ఉన్నప్పుడు కళ్లు పచ్చబడ్డాయి. భర్త దివాకర్ కదలకుండా పట్టుకున్నాడు, అత్త జబ్బ మీద వాత పెట్టింది. కామెర్లు వాటంతట అవే పోయాయి. వాత పోలేదు. పుండు మానాక ఉబ్బి, ఎర్రబడి, కాలిన మేర దాటి పీతకాళ్లలా పాకింది. మరమగ్గాల సాంచాల దగ్గర చెమట పడితే దురదకు పిచ్చెక్కేది. ఎండాకాలంలోనూ మోచేతుల దాకా జాకెట్ తొడిగేది.

జగిత్యాలలో ఒక డాక్టర్ దాన్ని కోసి తీశాడు. "దీన్ని కీలాయిడ్ అంటరు. కోసుడు ఒక్కటే సాలది. రేపే కరీంనగర్ పోయి రేడియేషన్ మొదలువెట్టియ్యాలె. లేటైతే ఇంతకింత పెరుగుతది," అని దివాకర్‌కు చెప్పి పంపాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్పగానే కనకవ్వ చేతులు తిప్పింది. "అంటే కరెంటు వెడ్తరా? క్యాన్సరోళ్లకు వెట్టేది గదే గదా! నేను కాలిస్తె మోటు, వాళ్లు కాలిస్తె వైద్యమా? రేపు అమాస. పచ్చిపుండుతోని పొలిమేర దాటుతదా?"

"అమాస ఎల్లినంక పోదాం తియ్," అన్నాడు దివాకర్.

"డాక్టర్ రేపే అన్నడు గదా!" అంది రేణుక.

"డాక్టర్ మనింట్ల ఉంటడా?" అంది అత్త.

అమావాస్య వెళ్లింది. తర్వాత దివాకర్‌కు పని తగిలింది. కొన్ని నెలలకే మచ్చ కుట్ల వెంబడి లేచి మునుపటికంటే లావైంది. కనకవ్వకు పండగే. చురకకు వచ్చినవాళ్లకు కోడలి జాకెట్ చేయి పైకి లాగి మరీ చూపించేది. "సూడుండ్రి, ఎట్ల వట్టిందో. నా సుర్క కత్తికి లొంగుతదా!"

రెండోసారి రేణుక ఎవరికీ చెప్పలేదు. కోరుట్లలో తల్లిగారింటికని బయల్దేరి, తల్లి వెంకటవ్వను వెంటబెట్టుకుని కరీంనగర్‌లో దిగింది. మళ్లీ కోత అయిన మర్నాడే రేడియేషన్ మిషన్ కింద పడుకుంది. గదిలో ఒక్కతే. కడ్డీ దగ్గరికి వస్తుంటే చర్మానికి ముందే తెలిసే ఆ సెగ కోసం పళ్లు బిగించి ఎదురుచూసింది. ఏదో గుయ్‌మంది. ఆగింది.

"అయిపోయింది, లే అక్కా," అంది లోపలికి వచ్చిన అమ్మాయి.

"ఇంక కాల్వలే గదా?"

"కాల్సుడేంది?" నవ్విందా పిల్ల. "రేపు మళ్ల రా."

బయట వెంకటవ్వ లేచి వచ్చింది. "నొప్పైందా బిడ్డా?"

"ఏం కాలే అవ్వా. ఎవ్వలు కదలకుంట వట్టుకోను గూడ లేరు," అని బల్ల మీద కూలబడి ఏడ్చింది.

చెప్పిన రోజులన్నీ పూర్తి చేసుకున్నాకే సిరిసిల్లకు తిరిగొచ్చింది. మళ్లీ లేవదన్న నమ్మకం కుదరక, ఏడాది పాటు పొడుగు చేతుల జాకెట్ మానలేదు, అత్తను చేయి పైకి లాగనివ్వలేదు. తడిమినప్పుడల్లా సన్నటి గీతే తగిలింది.

ఒక ఆదివారం పసిపాపతో ఒక జంట వచ్చింది. పొయ్యిలో కడ్డీ ఎర్రబడుతోంది. "ఏమే, నీ జబ్బ సూపియ్యి!" కనకవ్వ కేకేసింది.

రేణుక తనే జాకెట్ చేయి పైకి లాక్కుంది. "ఏదత్తా నీ సుర్క? కరెంటు వెట్టిచ్చి తీయించిన. చెల్లే, పోరిని దవాఖానకు తీస్కపో."

పాప తల్లి ఆ చేతిని చూసి, పాపను ఎత్తుకుని గడప దాటింది.

"నా ఇంటికి శని లెక్క దాపురించినవ్!" కనకవ్వ కడ్డీ విసిరికొట్టింది. రేణుక చెంబు అందుకుంది.

ఇప్పుడు కనకవ్వ ఆదివారాలు బోయినపల్లిలో కూతురింట్లో చురకలు పెడుతోంది. అత్తాకోడళ్లకు మాటల్లేవు. రేణుక అదే ఇంట్లో ఉంటోంది, పొట్టి చేతుల జాకెట్లు వేసుకుంటోంది. దివాకర్ చేయి పట్టుకోబోతే మాత్రం వెనక్కి లాక్కుంటుంది.