వేలు ఆనిందో లేదో తెలియని రోజులు

నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో హరికథ. కథ చెప్పేది మా అక్క సత్యవతి, పక్కన ఫిడేలు నాది. ఇరవై ఏళ్లుగా ఇంతే. కృష్ణుడు మురళి అందుకునే చోట అక్క చిడతలు ఆపి కళ్లు మూసుకుంటుంది. మా మేళంలో మురళి వాయించే మనిషి లేడు, ఆ పని నా ఎడమ చిటికెన వేలిది. తీగను నొక్కకుండా, సరిగ్గా సగం దగ్గర వేలు ఊరికే ఆనించి కమాను లాగితే అచ్చం మురళిలా సన్నటి స్వరం పలుకుతుంది. హార్మోనిక్స్ అంటారు. కాస్త నొక్కినా ఆ స్వరం పోతుంది.

ఆ సాయంత్రం బొంగురు గొంతు పలికింది. మళ్లీ లాగాను, మళ్లీ అదే. తేలికగానే ఆనించానని నేను అనుకుంటున్నాను. చూస్తే వేలు తీగ మీద బరువుగా కూర్చుని ఉంది. తిరుగు బస్సులో అక్క ఏమైందని అడిగితే తీగ పాతదైపోయిందన్నాను.

ఫిడేలు వాళ్లకు వేళ్ల కొసలు కాయలు కాయడం గొప్ప. నాకు నేర్పిన గురువుగారు వేలి కొసను గోటితో గిచ్చి, మేం కిక్కురుమనకపోతే మెచ్చుకునేవారు. అందుకే చిటికెన వేలు, పక్కన ఉంగరం వేలు మొద్దుబారుతుంటే రోగం అనుకోలేదు సరికదా, లోపల్లోపల గర్వపడ్డాను కూడా. పాలగిన్నె దించినప్పుడు చిటికెన వేలికి బొబ్బ లేచిన సంగతి నా భార్య రమణమ్మ చూపిస్తే గానీ నాకు తెలియలేదు. అప్పుడు భయం వేసింది.

విజయనగరంలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, సర్వైకల్ స్పాండిలోసిస్ అన్నారు. ఫిడేలు మెడ వంచి వాయిస్తారు కదా, అందుకే మెడ ఎముక అరిగిందట. మేం ఫిడేలు గడ్డం కింద పెట్టుకోం, కింద కూర్చుని ఛాతీకీ పాదానికీ మధ్య ఆనించుకుంటామని చెప్పబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను. మెడకు కాలర్, ఫిజియోథెరపీ, బి-ట్వెల్వ్ ఇంజెక్షన్లు. ఐదు నెలలు అలా పోయాయి. వేలు కొంచెం వంకర తిరగడం మొదలైంది.

శ్రీకాకుళంలో నరాల డాక్టరు నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేయించారు. రిపోర్టు చూసి, నా మోచేతి వెనక వేలితో తడిమి, "ఇక్కడ అల్నార్ నెర్వ్, చిటికెన వేలికి వెళ్లే నరం, తాడులా లావెక్కింది. షర్ట్ విప్పండి" అన్నారు. భుజం మీద మచ్చను నేను శోభి అనుకుని వదిలేశాను. వీపు మీద ఇంకో ఆరు ఉన్నాయట. కళ్లు మూసుకోమని, దూదితో ముట్టుకున్నప్పుడల్లా చెప్పమన్నారు. ఆయన ఇంకా మొదలుపెట్టలేదనుకుని నేను అలాగే కూర్చున్నాను. రమణమ్మ ఏడుపు వినిపించి కళ్లు తెరిచాను.

అక్కడి నుంచి స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి పంపారు. "హాన్సెన్స్ డిసీజ్. అంటే లెప్రసీ. పన్నెండు నెలలు ఎండీటీ, అంటే మూడు మందుల కోర్సు, వాడితే పూర్తిగా క్యూర్ అవుతుంది. మందు మొదలుపెట్టాక మీ నుంచి ఇంకొకరికి అంటదు. నరం ఎంత తిరిగొస్తుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను" అందావిడ. తరవాత కార్డు తీసి, నాతో దగ్గరగా మెలిగేవాళ్ల పేర్లు అడిగింది. వాళ్లనూ పరీక్ష చేయాలట. నేనూ నా భార్యా, అంతే అన్నాను. రమణమ్మ నా వంక చూసింది.

అక్క మా పక్క వీధే. నెలలో సగం రోజులు ఇద్దరం ఒకే క్యారియర్‌లోంచి పంచుకుని తింటాం. ఈ మాట బయటికి పొక్కితే మమ్మల్ని కథకి ఎవరు పిలుస్తారని ఒక భయం. అక్క తన కంచం పక్కకు జరుపుకుంటుందేమోనని అంతకన్నా పెద్ద భయం.

మందులు మొదలయ్యాయి. మూత్రం ఎర్రగా వచ్చేది. ఒళ్లు నల్లబడింది. అడిగినవాళ్లకి ఎండ అని చెప్పేవాణ్ని, అక్కకి ఎలర్జీ అని చెప్పాను. అబద్ధం గుర్తుపెట్టుకోవడం మందు మింగడం కన్నా అలసట. నాలుగో నెలలో మోచెయ్యి నిప్పులా సలిపింది. మచ్చలు ఉబ్బాయి. మందు పడలేదేమో అనుకున్నాను. ఇది మందు పడకపోవడం కాదు, లోపలి క్రిములకి ఒళ్లు చూపే రియాక్షన్, ఎండీటీ ఆపకూడదు అని డాక్టరమ్మ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రాసింది. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, నిద్ర కరువైంది. చెయ్యి కదలకుండా స్ప్లింట్ కట్టు వేశారు. ఫిడేలు పెట్టెలోకి వెళ్లింది. అసలీ ఒళ్లెందుకు అనిపించిన రోజులవి.

స్ప్లింట్ వేస్తూ డాక్టరమ్మ నా వృత్తి అడిగింది. కథ ఎవరు చెబుతారని అడిగింది. చెప్పాను. "మరి ఆవిడ పేరు కార్డులో ఎందుకు లేదు?" అంది.

ఆ మధ్యాహ్నమే అక్క ఇంటికి వెళ్లాను. పట్టుచీర మడత పెట్టుకుంటోంది. గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పేశాను. చీర పక్కన పడేసింది.

"రోగం వచ్చిందని కోపం కాదురా. నాలుగు నెలల్నుంచి నా పక్కన కూకుని తింతన్నావు, ఒక్క ముక్క సెప్పలేదు. నానేటి, కంచం దూరంగా జరిపేస్తాననుకున్నావా?"

"అనుకున్నానక్కా" అన్నాను.

ఆ మాటకి ఏడ్చింది. మర్నాడు ఆసుపత్రికి వచ్చింది.

అక్క నడుము దగ్గర, చీర కట్టు కింద, రూపాయి బిళ్లంత మచ్చ దొరికింది. దూది పెడితే తెలియలేదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేం, ఇది ఏళ్ల తరబడి లోపల దాక్కుంటుంది అంది డాక్టరమ్మ. నరాలు బాగున్నాయి, ఆరు నెలల కోర్సు చాలు అంది. అక్క నరాలు పాడవకపోవడం అదృష్టం, నా మంచితనం ఏమీ లేదు. ఆ నాలుగు నెలల్లో ఏమైనా జరిగి ఉండొచ్చు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు ఇద్దరి మందులూ అయిపోయాయి. ఉంగరం వేలికి చాలావరకు స్పర్శ వచ్చింది, చిటికెన వేలికి రాలేదు. మురళి స్వరం మధ్యవేలితో నేర్చుకున్నాను. దానికి చెయ్యి మొత్తం జరపాలి, ఒక క్షణం ఆలస్యమవుతుంది. ఆ క్షణం అక్క ఆగుతుంది. జనానికి తెలిసిపోతుందేమోనని అడిగితే, "మురళి తియ్యడానికి కిష్ణుడికైనా కాస్త టైమ్ పడతాది గదరా" అంది. కొన్నాళ్లు స్వరం పలుకుతుంది, కొన్నాళ్లు పలకదు. రెండు ఊళ్లవాళ్లు మమ్మల్ని పిలవడం మానేశారు, ఎందుకో నేను అడగలేదు. రోజూ పొద్దున్నే చేతులు తిప్పి చూసుకుంటాను, తెలియకుండా ఎక్కడైనా కాలిందేమోనని. బాగయ్యానంటారు అందరూ. నిజమే, బాగయ్యాను. అలసట మాత్రం ఇంకా దిగలేదు.

చదివేవాళ్లకి ఒక్కటే చెబుతాను. ఆసుపత్రిలో మీతో కలిసి తినేవాళ్ల పేర్లు అడుగుతారు. ఏ పేరు చెప్పడానికి మీకు నోరు రాదో, ఆ పేరే ముందు రాయించండి.