కూడిక ముందా, సగటు ముందా

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టుగా నేనూ నా మిత్రుడూ ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తయారుచేశాం. నేను గుంటూరు నుంచి వచ్చి చైతన్యపురి హాస్టల్లో ఉండేవాణ్ణి. వాడి కుటుంబం నల్లగొండ నుంచి వచ్చి అల్మాస్‌గూడలో ఇల్లు కట్టుకుంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఒకసారి రాష్ట్రం సంగతి మాట్లాడుకుని కొన్నాళ్లు ముఖాలు చూసుకోలేదు. ఈ ఊళ్లో నాకున్న స్నేహితుడు వాడొక్కడే. మళ్లీ అలా అయితే తట్టుకోలేననిపించింది.

అప్పట్నుంచీ తేడా వచ్చేలా కనబడిన ప్రతి మాటనీ ఇద్దరం "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేవాళ్లం. మహా మర్యాదస్తులమైపోయాం.

మా భాషలో రెండు సంఖ్యల సగటుకు @ గుర్తు పెట్టాం. అయితే 2 + 4 @ 6 అని రాస్తే ముందు ఏది చెయ్యాలి? సగటు ముందైతే జవాబు ఏడు, కూడిక ముందైతే ఆరు. ఇది తేల్చకుండా భాష నిలబడదు. ఆ రోజు బంద్, బస్సుల్లేవు. ఫోన్ చేశాను.

"నాకైతే సగటే ముందు అనిపిస్తోందిరా."

"జర ఆగు, తర్వాత చూద్దాం తియ్," అన్నాడు.

నాకూ హాయిగానే అనిపించింది. లెక్క చేసే భాగం నేను రాశాను. ఆ లెక్కను మెట్టు మెట్టుగా విడదీసి చూపించే భాగం వాడు రాశాడు. ఆ "తర్వాత" అన్నది రానేలేదు.

వైవా రోజు పొద్దున్నే రెండూ కలిపాం. ఎగ్జామినర్ సరిగ్గా ఆ లెక్కే కొట్టారు. తెర మీద జవాబు ఏడు, కింద మెట్లలో ఆరు.

"ఏది కరెక్టు?" అన్నారాయన.

"వాడిదే సార్," అన్నాను నేను.

"వీనిదే సార్," అన్నాడు వాడు, అదే క్షణంలో.

ఆయన నవ్వలేదు. మళ్లీ రాసుకుని రమ్మన్నారు.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దాకా నడిచాం. అక్కడ నాకు ఒళ్లు మండింది.

"కూడికే ముందని ఫోన్లో ఒక్క మాట చెప్పొచ్చు కదరా!"

"చెప్తే లొల్లయితది. లొల్లయితే నువ్వు సామాన్ సర్దుకొని మీ దిక్కు పోతవేమోనని భయమైంది."

అయితే కూడిక ఎందుకు ముందో ఇప్పుడు చెప్పమన్నాను. చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. జనం చూస్తుండగా ఇద్దరం అరుచుకున్నాం. ఎన్నో నెలల తర్వాత నాకు ప్రాణం లేచొచ్చింది.