వెక్కిళ్ళ నున్నన్న

తన సెలూన్‌లో ఆయన గడ్డం గీస్తే ఎవరి చెంపైనా గాజుపలకలా ఉంటుందని వీధంతా ఆయన్ను నున్నన్న అనేది. అసలు పేరు ఆయనే మర్చిపోయాడని వేళాకోళం. అలాంటి నున్నన్నకు వెక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఎవరికైనా గుక్కెడు నీళ్ళు తాగితే పోతాయి. ఈయనవి పోలేదు. ఊపిరి బిగబట్టాడు, చక్కెర చప్పరించాడు. అక్క వెనకనుంచి వచ్చి "ఓయ్!" అని బెదరగొడితే చేతిలో గిన్నె జారింది గాని వెక్కిలి జారలేదు. రోజులు గడుస్తున్నా అదే తంతు. కత్తి పట్టేవాడికి వెక్కిళ్ళంటే మాటలా? లెక్కల మాస్టారు ఒక్క "హిక్" వినగానే కుర్చీలోంచి లేచి, "నాకున్నది ఒకటే మెడ నాయనా!" అంటూ నురగ గడ్డంతోనే ఇంటికి పరిగెత్తాడు. ఆనాటి నుంచి సెలూన్‌లో కుర్చీ ఖాళీ.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి ఒక మాత్ర రాసింది. చీటీ మీద పేరు చూడగానే నున్నన్న గతుక్కుమన్నాడు. అది బావ వేసుకునే మాత్ర! బావకు ఒకప్పుడు లేని గొంతులు వినబడేవి. ఆ మాత్రతో కుదుటపడి మళ్ళీ తాళాలు బాగుచేసుకుంటున్నాడు. దానికి 'పిచ్చి మాత్ర' అని పేరు పెట్టిందే నున్నన్న.

"నాకు వెక్కిళ్ళమ్మా, హిక్, పిచ్చి కాదు."

డాక్టరమ్మ నవ్వింది. "మనసు చెదిరినవాళ్ళకూ ఇదే, ఆగని వాంతులకూ ఇదే, మొండి వెక్కిళ్ళకూ ఇదే. మగతగా ఉంటుంది, లేస్తే కళ్ళు తిరుగుతాయి. నేను చెప్పేదాకా కత్తి ముట్టకు."

మాత్రలు తెచ్చి అటక మీద పెట్టాడే గాని నోట్లో వేసుకోలేదు.

"సిగ్గేంట్రా?" అక్క కసిరింది.

"సిగ్గు కాదే. ఎవరో తలుచుకుంటేనే వెక్కిళ్ళు వస్తాయంటారుగా..." గోడమీద భార్య ఫొటో వైపు చూశాడు. ఆమె పోయి ఇంకా ఏడాది కాలేదు. "ఆపేస్తే ఎలా?"

అక్క కొంగుతో ఆ ఫొటో మీది దుమ్ము తుడిచింది. "నా మరదలు తలుచుకుంటే వెక్కిళ్ళా వచ్చేది? చెడామడా తిట్లు వచ్చేవి! షాపు మూసుకుని ఈ వేషాలేంటని!"

మూల కూర్చుని తాళంచెవి ఆకురాయితో రుద్దుతున్న బావ తలెత్తాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఆ మాత్రతో నాకు గొంతులు ఆగాయి. మీ అక్కను మర్చిపోయానా?"

"మర్చిపోతే ఊరుకుంటానా?" అంది అక్క.

"అదీ సంగతి. వెక్కిళ్ళను పట్టుకుపోతుంది గాని మనిషిని పట్టుకుపోదు. వేసుకో."

వేసుకున్నాడు. మొద్దులా నిద్రపోయాడు. వెక్కిళ్ళు అలిగిన చుట్టాల్లా ఒక్కొక్కటే తగ్గి, చివరికి చెప్పాపెట్టకుండా పోయాయి. మగత కూడా వదిలాక డాక్టరమ్మ సరేనంది. సెలూన్ తలుపు తీస్తే వీధివాళ్ళంతా గుమ్మం దగ్గరే తచ్చాడారు గాని లోపలికి ఒక్కరూ రాలేదు. బావ మాత్రం నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుని మెడ చాచాడు.

"ఇన్నాళ్ళూ 'పిచ్చి మాత్ర' అన్నందుకు కోపం లేదా బావా?"

"ఉంది. అందుకే ఇవాళ ఊరికే గీయించుకుంటా."

నురగ రాశాడు. కత్తి చెంప మీద మెత్తగా జారింది. సగంలో చెయ్యి ఆగింది.

"ఏంట్రా, మళ్ళీ వచ్చిందా?"

"లేదు బావా. వెక్కిలి రాలేదు. అయినా ఆమె గుర్తొచ్చింది."

"రానీ," అన్నాడు బావ కళ్ళు మూసుకునే. "కత్తి మాత్రం కదపకు."