లో ఓల్టేజీలో పలికిన గిటారు

మా ఊరి చర్చిలో పన్నెండేళ్లు లీడ్ గిటారు నాదే. గుత్తి దగ్గర చిన్న ఊరు, గిటారు పట్టుకునేవాడు వేరే లేడు కాబట్టి నాకు దక్కిందని గిట్టనివాళ్లు అనేవారు. అననీ. ఏటా జరిగే సభల్లో పాట మధ్య ఒంటి గిటారు వాయించే ఆ ఒక్క నిమిషం కోసమే, మిగతా ఏడాదంతా కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి.

ఆ నిమిషానికి ఎసరు పెట్టడానికి ఒకడు దిగాడు. మా వీధివాడే, నాకన్నా పదేళ్లు చిన్న. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టి కూడబెట్టి, బెంగళూరులో ఎవరో వాడుకుని అమ్మేసిన ట్యూబ్ ఆంప్లిఫైయర్ కొన్నాడు. పాత రేడియోల్లో లాగా గాజు ట్యూబులు వెలిగే రకం. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట, పసిబిడ్డను తెచ్చినట్టు.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసులో వాడు తీగ మీటాడు. అబ్బ, ఏం చెప్పను! మందంగా, గరగరలాడుతూ, ఏడుపు గొంతులో అడ్డం పడ్డట్టు ఆ డిస్టార్షన్. ఒక్క స్వరం పట్టుకుని వదలకుండా సాగదీశాడు. ఆ గరగర కోసం నా గిటారుకు తగిలించిన పెడల్ తొక్కితే వచ్చేది రేకు మీద గులకరాళ్ల మోత. పైగా సౌండు కాస్త పెంచితే పాస్టరుగారు చెవులు మూసుకుంటారు. వీడు అంత చిన్న సౌండులోనే అదంతా రాబట్టాడు.

"యాడ నేర్చుకుంటివప్పా?" అన్నాను నవ్వుతూ. లోపల కడుపు మంట.

"నాదేముందన్నా, అట్ల వస్తాండాది," అన్నాడు సిగ్గుపడుతూ.

ఆ సిగ్గు చూసి ఇంకా మండింది. గొప్పలు పోయుంటే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఈసారి సభల్లో లీడు వాడిదేనని చర్చిలో అప్పుడే అనుకోసాగారు.

నాలుగు వారాలు కాచుకుని చూశాను. మా చర్చికీ చుట్టుపక్కల చేన్ల బోర్లకీ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. బోర్లన్నీ ఆడుతుంటే చర్చిలో బల్బు ఎర్రగా మిణుకుతుంది. వాడి గిటారు మందంగా పలికేది సరిగ్గా అప్పుడే. ఒక శనివారం చేన్లకు కరెంటు రాలేదు. బల్బు తెల్లగా వెలిగింది, గిటారు నీళ్ల మజ్జిగలా పల్చగా పలికింది. తీగలు పాతబడ్డాయేమో అనుకున్నాడు వాడు. నాకు అర్థమైపోయింది. ఓల్టేజీ పడిపోయినప్పుడు ట్యూబులకు సత్తువ చాలక, చిన్న సౌండుకే గొంతు చీల్చుకుంటున్నాయి. లో ఓల్టేజీకి కాలే మోటార్లతో బతికేవాణ్ణి, నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ సంగతి వాడికి చెప్పాలి కదా. నేను చెప్పింది వేరే.

"ఇంత తక్కువ ఓల్టేజీకి కాలిపోతాదప్పా అది. స్టెబిలైజర్ పెట్టుకో."

నా మాట మీద అనుమానపడేవాళ్లు ఊళ్లో లేరు. మోటార్లకు నేను రోజూ చెప్పే మాటే అది. అబద్ధం చెప్పానని ఎవరూ అనలేరు. నా షాపులోని స్టెబిలైజర్ నేనే మోసుకెళ్లి బిగించాను కూడా.

"నీ మేలు మర్చిపోనన్నా," అని చేతులు పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ట్యూబులకు ఓల్టేజీ నిండుగా అంది, వాడి గిటారు శుభ్రంగా, చప్పగా పలికింది. పాపం, తీగలు మార్చాడు. వేళ్లు పొక్కేదాకా సాధన చేశాడు. సౌండు పూర్తిగా పెంచితే ఆ గరగర తిరిగి వచ్చేదేమో, చర్చిలో ఎవరు పెంచనిస్తారు? సభలకు వారం ముందు మా షాపుకు వచ్చి నిలబడ్డాడు.

"ఈసారి లీడు నువ్వే వాయించన్నా. ఏమైనాదో ఏమో, నా చేతిలో ఉండేది పోయినాది."

స్టెబిలైజర్ తీసి పక్కన పెట్టు అని ఒక్క మాట అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "దేవుని చిత్తమప్పా," అన్నాను, సిగ్గులేకుండా.

సభల్లో వాయించాను. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే. వేదిక దిగగానే దగ్గరికొచ్చి, "నాకూ నేర్పన్నా," అన్నాడు.

కాదనడానికి నోరు రాలేదు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా ఇంటికి వస్తున్నాడు. చెప్పిందల్లా శ్రద్ధగా వింటాడు. స్వరాన్ని పట్టుకుని సాగదీసే అలవాటు కూడా నేనే మాన్పించాను. ఇప్పుడు అచ్చం నాలాగే వాయిస్తున్నాడు.