రజియా వైపు

సిడ్నీ వదిలి వచ్చాక, పాయింట్ కుక్‌లో మా కొత్త ఇంటికి వడ్రంగి వంటగది అలమరాలు బిగించి వెళ్లిన రోజు సాయంత్రం వాన పడింది. వెనక తలుపు సరిగా వేయలేదేమో, జల్లు లోపలికి కొట్టి ఒక అలమర అడుగు తడిసింది. గుడ్డ పట్టుకుని వంగాను. తడి ప్లైవుడ్ వాసన ఒక్కసారిగా ముఖానికి తగిలింది. కొంచెం జిగురు, కొంచెం చెక్క, ఎక్కడో అడుగున పాతబడిన ఏలకుల వాసన. ఏలకులు మా ఇంట్లో ఇంకా డబ్బాల్లోంచి బయటికే రాలేదు. ఆ వాసన నా ముక్కు సొంతంగా కలుపుకున్నది. తుడవడం మరచిపోయి, చాలాసేపు అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

నేను సిడ్నీ వచ్చింది తొంభై తొమ్మిదిలో. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. పాత కంప్యూటర్ ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోట్లన్నీ వెతికి నాలుగంకెలు చేసే పని. ఆ ఏడాది మాలాంటివాళ్లు విమానాల నిండా దిగారు. ఆఫీసులో మీటింగుల్లో నేను నోరు విప్పేదాన్ని కాదు. చెప్పాలనుకున్నవన్నీ సాయంత్రం గదికి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఆ గది సలీం అంకుల్, రజియా ఆంటీల పెరట్లో ఉండేది. అంకుల్‌ది కాజీపేట. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా మొదలై, అప్పటికి ఇరవయ్యేళ్ల ముందే ఇక్కడికొచ్చి ఇక్కడి రైళ్ల కిందా పడుకుని పని చేసి రిటైరయ్యారు. ఆంటీ ఒకప్పుడు హనుమకొండలో ఆడపిల్లల స్కూలు డ్రిల్లు టీచరు. పిల్లలు లేరు. నేను తెనాలి నుంచి వచ్చానని తెలిసిన రోజే ఆంటీ నవ్వి, "మీ దిక్కోళ్లు బాగ మాట్లాడ్తరంటరు గదా, నువ్వేందే గిట్ల?" అన్నది.

నా గది కిటికీకి ఎదురుగా, నిమ్మచెట్టు పక్కన ఒక కారవాన్ ఉండేది. కారు వెనక కొక్కేనికి తగిలించుకుని ఊళ్లు తిరిగే చక్రాల గది అది. యాభైల దశకంలో చేసినది. పైకప్పు రొట్టెలా గుండ్రంగా ఉంటుంది. కింద సగం ఆకుపచ్చ, పైసగం మీగడ రంగు. దాన్ని లాగేది కూడా దాని ఈడు కారే. అంకుల్ దానికీ అవే రంగులు వేయించారు. గోల్బర్న్ దగ్గర ఒక రైతు కొట్టంలో దొరికిందట. అప్పుడు అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయట. లోపలి చెక్కంతా విప్పి, కుళ్లినది తీసేసి, మళ్లీ పేర్చడానికి అంకుల్‌కి నాలుగేళ్లు పట్టింది. ఆంటీ పరదాలు కుట్టింది.

"ఇది పందొమ్మిదొందల యాభై ఆరు మాడల్ బిడ్డా. దేశం మొత్తం మీద గిట్లాంటివి ఎక్కువ లేవు," అని అంకుల్ గర్వంగా తలుపు తీసేవారు.

"డబ్బా," అనేది ఆంటీ వెనకనుంచి.

"డబ్బా అనకే!"

"మరేందది? చక్రాల డబ్బా."

ఆ డబ్బాలో ఆమె సర్దే పద్ధతి నాకిప్పటికీ గుర్తు. బియ్యం సంచి, నీళ్ల క్యాను చక్రాల మీదికే రావాలి. వెనక పెడితే రోడ్డు మీద తోక ఊపుతుంది. ఏలకుల సీసా మాత్రం దిండు కింద. సముద్రం గాలికి చెక్క ముక్కిపోయిన వాసన వేస్తుందని, ప్రతి అలమరలోనూ రెండు ఏలకులు వేసేది.

ఏటా మార్చిలో, ఇక్కడి వేసవి అయిపోయి ఎండ మెత్తబడ్డాక, పాత కారవాన్లున్నవాళ్లంతా కయామా దాటాక ఒక సముద్రతీరంలో నాలుగు రోజులు చేరేవారు. ఆంటీకి సంవత్సరమంటే ఆ నాలుగు రోజులే. మిగతా రోజులన్నీ వాటికి దారి.

అయితే ఆ దారికి ఒక చిక్కుంది. కారవాన్‌ను ముందుకు లాగడం తేలిక, వెనక్కి నెట్టడం కష్టం. స్టీరింగు ఒక వైపు తిప్పితే తోక ఇంకోవైపు పోతుంది. అది వంకర తిరిగిందంటే వెనక నిలబడినవాళ్లు అద్దంలో కనిపించరు. పైగా ఏళ్ల తరబడి రైలుపెట్టెల కింద పడుకున్న అంకుల్ మెడ పక్కకి తిరగదు. అందుకే వెనక ఒక గొంతు కావాలి. డ్రిల్లు టీచరు గొంతు. కుడి, ఎడమ అంటే వెనక నిలబడినవాళ్లకీ ముందు కూర్చున్నవాళ్లకీ తికమక అవుతుందని వాళ్లిద్దరూ ఎప్పుడో ఒక ఏర్పాటు చేసుకున్నారు. డ్రైవరు కూర్చునే పక్క సలీం వైపు. ఆంటీ కూర్చునే పక్క రజియా వైపు. "రజియా! రజియా! సలీం... బస్!" అని ఆమె అరుస్తుంటే క్యాంపులో కుక్కలు కూడా ఆగి వినేవట.

నేను ఆ గొంతు ఎన్నడూ వినలేదు. నేను రావడానికి కొన్ని నెలల ముందు ఆమె గొంతులో గడ్డ తీశారు. గడ్డతో పాటే గొంతూ పోయింది. మిగిలింది గుసగుస. ఒకసారి ఈల ఊది చూసిందట. ఈల ఆపమని చెప్పగలదు గాని ఏ వైపో చెప్పలేదు. మార్చి రాకముందే వెనక నిలబడేందుకు ఒక మనిషి కావాలి. పెరట్లో ఉన్నది నేనే.

అక్టోబరులో ఒక ఆదివారం అలవాటు చేసుకోవడానికని దగ్గరి చోటికే బయలుదేరాం. దారిలో హెలెన్స్‌బర్గ్‌లో మనవాళ్ల గుడి వస్తుంది గనక నన్ను అక్కడికి పంపించి, తాము కారవాన్‌లో చాయ్ పెట్టుకుంటామన్నారు. నేను దర్శనం చేసుకుని వచ్చాక, వాళ్లకి తెచ్చిన పులిహోర ముగ్గురం తిన్నాం. బయలుదేరబోతే ముందు దారికి అడ్డంగా నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. వెనక్కే పోవాలి. నేను దిగి వెనక నిలబడ్డాను. పార్కింగు నిండా మనవాళ్లే. పట్టుచీరలు, పిల్లలు, ప్రసాదం పొట్లాలు. ఆ పాత బండిని చూడటానికి అందరూ ఆగారు.

తోక నెమ్మదిగా ఒక నిలువెత్తు మొద్దు వైపు జరుగుతోంది. "రజియా" అని అరవాలి. నా నోరు తెరుచుకుంది గాని మాట రాలేదు. మా అమ్మ కంటే పెద్దావిడ. నేనుంటున్న ఇంటి పెద్ద. ఆమెను ఒట్టి పేరుతో, గుడి ముందు, ఇంతమంది పెద్దవాళ్లు చూస్తుండగా నోరారా ఎలా పిలవను? "ఆంటీ వైపండీ... అంకుల్, కొంచెం ఆంటీ వైపు..." అన్నాను. అది నాకే వినబడలేదు. ఇంజను చప్పుడు మధ్య చెక్క విరిగిన చప్పుడు మాత్రం అందరికీ వినబడింది.

వెనక గుండ్రటి కిటికీ పగిలింది. దాని కింద ప్లైవుడ్ లోపలికి నొక్కుకుపోయింది. అంకుల్ దిగి వచ్చి ఆ చోట అరచెయ్యి పెట్టి నిలబడ్డారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని డైరీలో రాసుకున్నాను. తిరుగుదారిలో, "ఇగ చాలు రజియా. అమ్మేద్దాం," అన్నారు. ఆంటీ కిటికీలోంచి చెట్లను చూస్తూ కూర్చుంది. ఆ వారమే నిమ్మచెట్టు దగ్గర, అమ్మకానికి అని రాసిన అట్టముక్క వేలాడింది.

అట్ట వేలాడిన మర్నాడు సాయంత్రం ఆంటీ ఒక గిన్నెలో ఖిచిడీ పట్టుకుని నా గదికి వచ్చింది. డైరీ మూసేయబోయాను.

"రోజూ ఏం రాస్తవ్?" గుసగుసగా అడిగింది.

"ఏం లేదు ఆంటీ."

"చెప్పలేనియన్నీ అండ్ల పెడ్తవా?"

నేను డైరీ మూసేశాను. ఆమె వచ్చి పక్కన కూర్చుని, మెడ మీద ఉన్న మచ్చను వేలితో చూపించింది. "నా గొంతు డాక్టర్లు కోసిన్రు. నీది ఎవలు కోసిన్రే?"

ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు. "రేపు ఆఫీసు నుంచి జల్ది రా," అన్నది.

మర్నాటి నుంచి మా వీధి చివర మైదానంలో డ్రిల్లు మొదలైంది. పిల్లలెవరూ లేని వేళ చూసి తీసుకెళ్లేది. ఒక చివర నన్ను నిలబెట్టి, తను రెండో చివర కంచె దగ్గర మడత కుర్చీలో కూర్చునేది. ముందు నా కడుపు మీద అరచెయ్యి పెట్టి, "గొంతుల నుంచి కాదు, ఈడికెళ్లి," అనేది. నేను ఆమె పేరు పిలవాలి. వినబడితే చెయ్యి ఎత్తుతుంది. మొదటి రోజు చెయ్యి లేవలేదు. రెండో రోజూ లేవలేదు. "ఆంటీ అని కలుపుకుంటాను," అని బతిమాలాను.

"అంతసేపట్ల గోడ గుద్దుకుంటది. డబ్బా వెనక మర్యాద లేదు. అరవకపోవుడే బేఅద్బీ."

నాలుగో రోజు ఎప్పుడో, చెట్ల మీద తెల్లచిలకలు గోల చేస్తున్నప్పుడు, వాటి మీద కోపంతో అరిచాను. చిలకలు లేచిపోయాయి. మైదానం ఆ చివర, చాలా చిన్నగా కనిపిస్తున్న ఆంటీ చెయ్యి పైకి లేచింది.

అంకుల్ ఇదంతా చూడనట్టే ఉన్నారు. కానీ ఒక శనివారం వంటింట్లోంచి వింత వాసన వచ్చింది. చూస్తే, ఓవెన్‌లో ప్లాస్టిక్ రేకు వేడెక్కుతోంది. మెత్తబడ్డాక తీసి, చెక్కతో చేసిన అచ్చు మీద పరిచి, కిటికీకి కావలసిన వంపు తెస్తున్నారు. ఆంటీ ముక్కు మూసుకుని, "నా బిర్యానీ ఓవెను ఖరాబు చేసిండు," అని నా చెవిలో ఫిర్యాదు చేసింది. సోమవారానికి అట్టముక్క లేదు. "గాలికి ఎటో పోయింది," అన్నారు అంకుల్, ఎవరూ అడగకుండానే. తర్వాత, "మార్చిల ఒక్కసారి చూద్దాం. ఈసారి దెబ్బ తగిలితే మాత్రం ఇచ్చేస్త. నాకిగ శక్తి లేదు," అన్నారు.

కొత్త సంవత్సరం వచ్చింది. ప్రపంచంలో కంప్యూటర్లేవీ కూలిపోలేదు. మార్చి వచ్చింది.

ఆ ప్రయాణం నాకు కలలాగే గుర్తుంది. ఎక్కుడులో పాత కారు నెమ్మదిస్తే వెనక బారులు తీరిన కార్లు, పక్కకి తప్పుకోగానే చేతులూపుతూ దాటిపోయే జనం. దిగుడులో ఒక మలుపు తిరిగేసరికి కింద పొగమంచు, మంచు చివర సముద్రం. ఎక్కడ ఆకాశమో ఎక్కడ నీరో తెలియని ఒకే రంగు. ఆంటీ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలిని పట్టుకుంటోంది.

మాకిచ్చిన చోటు రెండు చెట్ల మధ్య. వెనక కాస్త దూరంలో వాగు, దానికి నిటారు గట్టు. అటూ ఇటూ కుర్చీలు వేసుకుని కూర్చున్న ముసలివాళ్లు చాయ్ కప్పులతో చూస్తున్నారు. కారవాన్లు వెనక్కి పెట్టడం ఇక్కడ పెద్ద వినోదం. ఆంటీ దిగి పక్కన కుర్చీలో కూర్చుంది. నేను గట్టు దగ్గర నిలబడ్డాను.

బండి వెనక్కి రాసాగింది. తోక సలీం వైపు చెట్టు మీదికి వంగింది. అంకుల్ అద్దంలో నేను మాయమయ్యాను. నాకు ఆయన కనిపించడం లేదు. ఇక మా మధ్య ఉన్నది గొంతు ఒక్కటే.

"రజియా!"

అది నా గొంతేనని నమ్మడానికి క్షణం పట్టింది. కప్పులు ఆగాయి. తోక కదిలింది, చెట్టును తప్పించుకుంది. "రజియా! రజియా! ఇంకొంచెం రజియా! సలీం... సలీం... బస్!"

ఆకుపచ్చ బండి రెండు చెట్ల నడుమ, తన గూటిలోకి పక్షి దిగినట్టు, దిగి ఆగింది. ఆ ఏడే కొత్తగా వచ్చిన పక్క కారవాన్ ముసలాయన లేచి చప్పట్లు కొట్టి, "గుడ్ ఆన్ యా, లవ్! ఇంతకీ ఎవరీ రజియా?" అన్నాడు. ఆంటీ కుర్చీలోంచి చెయ్యి పైకెత్తింది. నవ్వుతోంది. ఆ నవ్వుకి కూడా చప్పుడు లేదు. అంకుల్ దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఎక్కడా గీత కూడా లేదని చూసుకుని, "చాయ్ పెట్టుండ్రి," అన్నారు. అంతే.

తరువాతి నెల ఆఫీసులో సగంమంది కాంట్రాక్టులు ముగిసిపోతున్నప్పుడు, మేనేజరు గదిలోకి వెళ్లి నేనేం చేయగలనో నిలబడి చెప్పాను. గొంతు వణికింది. కానీ కడుపులోంచే వచ్చింది. ఆ సంగతి ఆంటీకి చెబితే, "ఆడ నా పేరు తియ్యలేదు గదా?" అని గుసగుసలాడింది.

ఆ తర్వాత ఇంకో రెండు మార్చిలు వెళ్లాం. మూడో ఏడు చలికాలంలో ఆంటీ వెళ్లిపోయింది. గడ్డ మళ్లీ వచ్చింది, ఈసారి ఆగలేదు. అంకుల్ అమ్మకం మాట ఎత్తుతారనుకున్నాను. ఎత్తలేదు. మార్చి మొదట్లో, అప్పటికి వేరే చోట ఉంటున్న నాకు ఫోన్ చేసి, "బిడ్డా, నీకు సెలవు దొరుకుతదా?" అని మాత్రం అడిగారు.

కారులో నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. ముందు, ఆంటీ కూర్చునే ఎడమ సీటు ఖాళీగా ఉంచాం. ఆ రెండు చెట్ల మధ్యే మాకు చోటిచ్చారు. నేను దిగి గట్టు దగ్గరికి వెళ్లాను. బండి వెనక్కి వస్తోంది. తోక ఎప్పటిలాగే సలీం వైపు వంగింది. నోరు తెరిచి ఆగిపోయాను. ఆ పేరు ఆయనకి ఎలా వినబడుతుంది? ఇక్కడినుంచి, వెనకనుంచి, ఇంత గట్టిగా? వేరే మాట ఏదైనా అందామనుకున్నాను. ఎడమ అంటే చాలదా?

బండి ఆగింది. కిటికీలోంచి అంకుల్ చెయ్యి బయటికి వచ్చి, తలుపు మీద రెండుసార్లు తట్టింది. "ఏంది బిడ్డా? వెనక మర్యాద లేదని చెప్పలేదా ఆమె? పిలువు."

పిలిచాను. సముద్రం మీదినుంచి గాలి ఎదురుగా వస్తున్నా, ఆ పేరు కారు దాకా పోయింది. చక్రాలు తిరిగాయి. బండి మెల్లగా, ఏమాత్రం తొందర లేకుండా, ఆమె వైపు జరిగింది.

నాకిప్పుడు ముప్పై దాటింది. ఆఫీసులో పదిమందికి పని చెబుతాను. గొంతు తగ్గించమని కూడా ఒకరిద్దరు అన్నారు. కానీ ఎవరికైనా దారి చెబుతూ ఎడమకి తిరగమనాల్సి వస్తే, నాకు ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ముందు వచ్చే మాటను ఆపి, రెండో మాట వెతుక్కోవాలి.