మట్టి వద్దనే మొక్క

నంద్యాలలో మొక్కలు అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పాలనే ఇది రాస్తున్నాను. మీరు అమ్మే మొక్క ఏదో, అది దేంట్లో బతుకుతుందో తెలుగులో ఒక చీటీ రాసి కుండీకి గుచ్చండి. చేతగాకపోతే అమ్మొద్దు.

మా కోడలు బడిలో టీచరు. బదిలీ మీద పోయే తోటి టీచరమ్మ ఆమెకు ఒక పూలమొక్క ఇచ్చి పోయింది. దిట్టమైన ఆకులు నాలుగు, పొడుగాటి కాడ, కాడ నిండా వంగపువ్వు రంగు పూలు. ఆర్కిడ్ అంట. కుండీకి గుచ్చిన ప్లాస్టిక్ చీటీ మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. కోడలు పది రోజులు ట్రైనింగుకు పోతా, "మామా, దీన్ని నీకు అప్పజెప్తాండా" అనింది.

యాభై దాటినాక నాకు అక్షరాలు నేర్పింది ఈ కోడలే. కాపురానికి వచ్చిన కొత్తలో, చర్చిలో నేను పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకొని పాడతాంటే చూసింది. పుస్తకం మెల్లగా తిప్పి మళ్లీ నా చేతిలో పెట్టింది. మరుసటి రోజు పలక, బలపం తెచ్చింది. అట్లాంటి మనిషి ఒక్క మొక్కను చూసుకోమంటే చూసుకోలేనా?

ఆమె పోయినాక కుండీలో వేలు పెట్టి చూసినా. మట్టే లేదు! బెరడు ముక్కలు, ఇంత పీచు. బతుకంతా నల్లరేగడిలో సేద్యం చేసినోణ్ణి, ఒళ్లు మండింది. కుండీ కవరు మీద పేరున్న దుకాణానికే పోయినా.

"ఏందప్పా, కుండీలో చెత్త నింపి అమ్ముతాండావ్? మట్టి యాడ?"

అమ్మేటోడు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "అవి అట్లే వస్తాయి పెద్దాయనా."

"ఎందుకట్లా?"

"నాకేం తెలుసు? కావాలంటే మంచి మట్టి వేసుకో."

సరే, నా దగ్గర లేని మట్టా! ఆళ్లగడ్డలో మా చేని నుంచి మూట కట్టి తెచ్చుకున్న నల్లమట్టి మిద్దె మీద ఉంది. బెరడు పారబోసి అది నింపినా. తెల్లటి వేర్లు కుండీ బయటికి వేలాడుతుంటే వాటినీ లోపలికి తోసి పూడ్చినా. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్లు. నాలుగో రోజుకు పూలన్నీ రాలిపోయినాయి. ఆరో రోజుకు ఆకులు నా చెంపల మాదిరి ముడతలు పడినాయి. మా చేని గాలి తగిలితే లేస్తుందని, తువ్వాల కప్పి ఒళ్లో పెట్టుకొని, బస్సులో ఆళ్లగడ్డకు మా అక్క ఇంటికి పోయినా.

మా అక్కకు ఇప్పటికీ ఒక్క అక్షరం రాదు. చిన్నప్పుడు నేనూ ఆమే కొండవార మేకలు మేపేవాళ్లం. తువ్వాల తీసి చూసి నన్ను తగులుకుంది.

"ఒరేయ్, కొండలో కొమ్మలకు అంటుకొని, వేర్లు గాలికి వేలాడేసుకొని ఉండేవి యాద్ లేవా? నువ్వే కదరా చెట్టెక్కి ఆ పూలు తెంపి నా జడలో పెట్టింది! ఇదీ ఆ జాతే. దీన్ని బురదలో పూడ్చినావా? చదువు వచ్చినాక కండ్లు పోయినాయా నీకు?"

ఆ వేర్లు నా కండ్ల ముందరే వేలాడుతుండె. నేను చీటీని చూసినా గానీ వాటిని చూడలేదు.

కుండీ గుమ్మరిస్తే వేర్లు కుళ్లి జిగురైపోయినాయి. కుళ్లినవి బ్లేడుతో కోసేస్తే మిగిలింది మూడే. కడిగి నీడలో ఆరబెట్టినాం. ఇస్త్రీ బండి ఆయన్ని అడిగి చల్లారిన బొగ్గులు తెచ్చినా. ఇటుక ముక్కలు, టెంకాయ పీచు కలిపి, అడుగున బొక్కలు పొడిచిన కుండీలో ఆ మూడు వేర్లూ నిలబెట్టినాం. "వాన పడితే తడిసేవి, మళ్లీ ఆరేవి. అంతే. వేరు ఆరి తెల్లబడేదాకా నీళ్లు ముట్టియ్యొద్దు" అనింది అక్క.

నేను కుండీతో నంద్యాలకు తిరిగొచ్చినాక, ట్రైనింగు ముగించుకొని కోడలు వచ్చింది. "పాపా, నీ మొక్కను సగం చంపినా" అని ఉన్నదున్నట్టు చెప్పినా. చీటీలో ఏముందో చదవమన్నా. చదివింది. పేరు ఉంది, నీడలో పెట్టమని ఉంది, మట్టి మాటే లేదు! ఇంగ్లీషు వచ్చినోడికైనా పనికిరాని చీటీ అది. కోడలు లోపలికి పోయి, ప్లాస్టిక్ డబ్బా మూత, కత్తెర, మార్కర్ పెన్ను తెచ్చి నా ముందర పెట్టింది.

"రాయి మామా."

రాసినా. "చెట్టు మీద బతికేది. మట్టి పొయ్యొద్దు. వేరు ఆరి తెల్లబడినాకే నీళ్లు. ఎండ వద్దు." ఒకటి మా కుండీకి గుచ్చి, ఇంకో పది రాసుకొని ఆ దుకాణానికి పోయినా. ఆర్కిడ్ కుండీలన్నిటికీ వరసగా గుచ్చుతాంటే అమ్మేటోడు ఇప్పుడు తల ఎత్తినాడు.

"ఏయ్ పెద్దాయనా, ఏం చేస్తాండావ్?"

"చదువుకో అప్పా."

మొన్న అటు పోతా చూస్తే అన్నీ పీకేసినాడు. సిగ్గు లేదు. మళ్లీ రాస్తాను. నాకేం, ఇప్పుడు రాయడం వచ్చు.

మా మొక్కకు రెండు ఆకులే నిలిచినాయి. ఈ వారం ఆకు సందులోంచి వడ్లగింజంత పచ్చటి వేరు కొన బయటికొచ్చింది. బొగ్గుల్లోకి దిగకుండా గాలిలోకే పోతాంది. నేను దాన్ని లోపలికి తొయ్యలేదు. కోడలికి వచ్చే నెల మళ్లీ ట్రైనింగు ఉంది. మొక్కను పక్కింటోళ్లకు ఇచ్చి పోతావా అని అడిగినా.

"నువ్వుండగా వాళ్లెందుకు మామా?" అనింది.